చేతిఫోను నిద్ర



పూర్వము మన యిండ్లలో రాత్రివేళ లాంతరు వత్తిని తగ్గించి గూటిలో నుంచెడివారు. దీపము ఆఱదు, చమురు వృథా కాదు. నేడు స్మార్ట్‌ఫోను చేయుచున్న పనియు నిట్టిదే. ఈ విద్య యెట్లు వృద్ధిపొందినదో విన్నవించెదను.

ఫోనునకు మెదడు ప్రాసెసరు అను చిన్న బిళ్ల. గడియారమువలె దానికి స్పందనలు కలవు. స్పందనల వేగము సగమైనచో ఆ క్షణమున విద్యుత్తు వ్యయమును సగమగును. వోల్టేజి సగమైనచో నాలుగవవంతుకు దిగును.

1994వ సంవత్సరమున అమెరికాలోని జిరాక్సు పరిశోధనాలయమున మార్క్ వైజరును, ఆయన సహచరులు మువ్వురును దీనిని లెక్కకట్టి చూపిరి. వేగము నొక్కదానినే తగ్గించిన లాభము లేదు. పనికి రెట్టింపు కాలము పట్టును గనుక మొత్తము వ్యయము మారదు. వోల్టేజియు దానితోపాటు తగ్గినప్పుడే నిజమైన పొదుపు. 2000వ సంవత్సరమున ఇంటెల్, ట్రాన్స్‌మెటా సంస్థలు ఈ మార్గమును ఒడిలో నుంచుకొను కంప్యూటర్లకు తెచ్చినవి. పిమ్మట లైనక్సు అను వ్యవస్థలో వేగమును నడపు భాగమునకు 'గవర్నరు' అని పేరిడిరి. రైసుమిల్లు ఇంజను వేగమును అదుపుచేయు గవర్నరును మీరెఱుగుదురు గదా! ఆ పేరే యిది.

2008లో వెలువడిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను, జి1, లైనక్సుపై నడచినదే. దాని ప్రాసెసరు సెకనుకు 52 కోట్ల 80 లక్షల స్పందనలు గలది. బ్యాటరీ 1150 మిల్లియాంపియర్ గంటలు మాత్రమే. కావున తెర ఆఱినంతనే వేగమును అట్టడుగునకు దించు ఉపాయమును పలువురు అవలంబించిరి.

నేనును అట్లే చేసితిని. ఒకనాటి రాత్రి మా బావగారు అక్కయ్య జబ్బును తెలుపుటకై ఫోను చేసిరి. ఫోను మ్రోగినది గాని తెర వెలుగుటకు జాగు కలిగి, నేను అందుకొనులోపల పిలుపు ఆగిపోయినది. ఉదయమున చూడగా బ్యాటరీలో మిగిలినదియు స్వల్పమే.

కారణము పిదప బోధపడినది. గాఢనిద్రలో ప్రాసెసరు దాదాపు ఆగియే యుండును. అచట వేగము తగ్గింప పనిలేదు. ఏదేని పనికి మేల్కొన్నప్పుడు మందముగా నడచినచో, మేలుకొనియుండు కాలము పెరుగును; అంతసేపును తక్కిన భాగములు విద్యుత్తును త్రాగుచుండును. లేపిన కూలివానిచే పని త్వరగా ముగింపించి మరల పండుకొననిచ్చుట మేలు.

తరువాతివారు ఈ రెండు నీతులను కలిపిరి. 2011లో ఆర్మ్ సంస్థ బరువు పనులకు బలమైన కోరులను, తేలిక పనులకు మితవ్యయము గల కోరులను ఒకే బిళ్లపై కూర్చు పద్ధతిని ప్రకటించినది. 2015లో ఆండ్రాయిడ్ ఆఱవ కూర్పున 'డోజ్' వచ్చినది. కదలక పడియున్న ఫోనును మాటిమాటికి లేపక, అత్యవసరము కాని పనులను ఒక్కమాఱుగా జరిపించును. ఉత్తరమునకొక పర్యాయము గాక, సంచి నిండ తెచ్చు తపాలా జవానువంటి దిది.

కావున పెద్దలారా, వేగము సంగతి యంత్రమునకే విడువుడు. ఊరకే ఫోనును లేపుచుండు పనికిరాని యాప్‌లను తొలగింపుడు. వత్తిని తగ్గించుట పొదుపే. పిలిచినప్పుడు వెలుగని దీపము పొదుపు కాదు.

సెలవు.