గోళాకార నక్షత్ర గుచ్ఛములలో తొలితరము, మలితరము

వైశాఖమాసపు రాత్రులందు దీపముల వెలుగు సోకని బయట నిలిచి దక్షిణమునకు చూచినచో, దిగంతమునకు కొంత పైగా మసకచుక్క యొకటి కానవచ్చును. టాలమీ దానిని నక్షత్రముగనే పట్టికలో చేర్చెను. 1603లో బేయరు దానికి ఒమేగా అను అక్షరమిచ్చెను. 1677లో సెయింట్ హెలీనా ద్వీపమునుండి చూచిన హాలీ అది యొంటరి నక్షత్రము కాదని గుర్తించెను. ఒమేగా సెంటారీ యను నిది దాదాపు 17,000 కాంతి సంవత్సరముల దూరమునందలి, కోటి నక్షత్రముల గుంపు. ఇట్టి గోళాకార గుచ్ఛములు మన పాలపుంతలో నూటయేబదికి పైగా తెలియవచ్చినవి.

యుద్ధకాలమున లాస్ ఏంజిల్సు నగర దీపములు ఆర్పియుండగా, మౌంట్ విల్సన్‌పై నూరంగుళముల దూరదర్శినితో శ్రమించిన వాల్టర్ బాడే, 1944లో నక్షత్రములను రెండు వర్గములుగా విభజించెను. గుచ్ఛతారలు రెండవ వర్గమున చేరినవి. ఒక గుచ్ఛమనగా ఒకే మేఘమునుండి ఒక్కమారుగా పుట్టిన తోబుట్టువుల సమూహమని పాఠ్యగ్రంథములు చిరకాలము బోధించినవి. 1973లో కానన్, స్టోబీ అను పండితులు ఒమేగా సెంటారీలోని అరుణతారల రంగులు ఒక్కతీరున లేవని చూపిరి. అయినను అది అసాధారణ గుచ్ఛమని సరిపెట్టుకొనిరి. సిద్ధాంతమునకు లొంగని దానిని మినహాయింపుగా నెంచుట పండితులకును అలవాటే.

2004లో హబుల్ దూరదర్శిని ఆ గుచ్ఛమునందలి సామాన్య నక్షత్రములే రెండు స్పష్టమైన శ్రేణులుగా చీలియున్నట్లు చూపెను. మరుసటియేడు వర్ణపట పరీక్షలో వింత బయటపడెను. లోహములు హెచ్చుగా నున్నవి ఎఱ్ఱగా నుండవలసియుండగా నీలముగా నుండెను. హీలియము అధికమైననే అది పొసగును. 2007లో ఎన్.జి.సి. 2808 గుచ్ఛమున మూడు శ్రేణులు తేలినవి. మినహాయింపే నియమమయ్యెను.

ఈ శ్రేణులను తొలితరము, మలితరము అనుట వాడుక. వయోభేదము మాత్రము అత్యల్పము. తొలితరము విడిచిన వాయువు కేంద్రమునకు దిగి, అచ్చటనే మలితరము పుట్టెనని పలువురి యూహ. మన యూళ్లలో ముందు వచ్చినవారు గుడి చుట్టును, పిదప వచ్చినవారు పొలిమేరను నివసింతురు. ఇచ్చట అందుకు విపర్యయము. ఒమేగా సెంటారీ నడుమ నీలశ్రేణి ఎఱ్ఱశ్రేణికి దీటుగా నుండి, వెలుపలికి పోనుపోను సగమునకు లోపగునని 2009లో లెక్కించిరి. 2012లో 47 టుకానే గుచ్ఛమందును మలితరమే నడుమ దట్టముగా నున్నట్లు తేలెను.

ఈ గణన సులభము కాదు. హబుల్ కొలిచిన చోటు కేంద్రమునకే చాలును; అంచులను భూమిమీది దూరదర్శినులతో కొలిచి రెంటిని జతపరుపవలెను. ఈ విషయమున బెంగుళూరు చెంత హోసకోటెలో భారత ఖగోళ భౌతిక సంస్థ కూర్చిన అతినీలలోహిత దూరదర్శిని విశేషముగా నుపకరించెను. 2015లో శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్‌తో నెగిసిన ఆ యంత్రము చంద్రబింబమంత వెడల్పును ఒక్కమారే చూడగలిగెను. హీలియము మిక్కుటమైన తారలు వార్ధక్యమున మిక్కిలి వేడియై ఆ వెలుగులోనే స్పష్టపడును.

అయితే 1,200 కోట్ల సంవత్సరముల పరస్పరాకర్షణచే తారలు కలిసిపోవును. ఎన్.జి.సి. 6362లో రెండుతరములు పూర్తిగా కలిసియున్నట్లు 2014లో కనుగొనిరి. 2023లో 28 గుచ్ఛములను పరిశీలింపగా, ఎన్.జి.సి. 3201, 6101లలో తొలితరమే నడుమ నుండెను. ఈ రెంటిలోను తారలు కలియుటకు కాలమింకను చాలలేదు. కనుక అది పుట్టుకనాటి యమరికయే కావలెను. పై యూహకిది పెద్ద చిక్కు.

మరియొక చిక్కు కలదు. పెక్కు గుచ్ఛములలో నేడు తొలితరము మూడవవంతే. అంత స్వల్పసంఖ్య మలితరమునకు కావలసినంత పదార్థమిచ్చుట అసాధ్యము. అంచులనున్న తొలితరమువారు అధికముగా పాలపుంతలోనికి చెదరిపోయిరని కొందరందురు. సోడియము హెచ్చి, ఆమ్లజని తగ్గిన మలితరము తారలు గుచ్ఛము విడిచినను ఆ గుర్తుచే పట్టుబడును. తొలితరమునకు బయటి తారలకు కూర్పు ఒక్కటే. ఒకమారు వెలువడినచో వాటిని వేరుపరుచుట మిక్కిలి దుష్కరము.