కార్డు మీద నా పేరు

మంట దగ్గరికి జరుగు బిడ్డా, ఇగం పెడుతుంది. గీ బొటనవేలు గోరు జూడు, ఎట్ల అరిగిందో. బీడీ మూతి మడిచి మడిచి గట్లయింది.

మా కోరుట్ల దిక్కు గప్పుడు పిల్లను జూడ వచ్చినోళ్లు ముందుగాల అడిగేది, బీడీలొస్తయా అనే. బాయిలెండిపాయె, మొగోళ్లు బొంబాయి, దుబాయి బాట వట్టిరి. ఇల్లు నడిపింది ఒళ్లె ఉన్న చాటనే. రాత్రే తునికాకు తడిపి, తడిగుడ్డల చుట్టి పెడుదుము. తెల్లారి కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం గట్టుడు. ఇరవై అయిదుకో కట్ట. వెయ్యి జేస్తెనే ఆ దినం కూలి. మీ నాయిన ఒళ్లె పండుకోని పాలు తాగుతున్నా నా చేతులు ఆగకపోయేటియి.

అయినా మమ్ముల కూలోళ్లని ఎవ్వలన్నరు? "ఇంట్ల కూసోని చేసేదే గదా" అనేటోళ్లు. టేకేదారు ఆకు తక్కువ తూచేటోడు, బీడీలు మాత్రం లెక్కకు నిండుగ కావాలె. తక్కువబడ్డ ఆకు మేమే కొనుక్కునేది. మంచిగలేవని గుప్పెడు పక్కకేసేటోడు. వాటికి పైసలియ్యడు, బీడీలూ వాపసియ్యడు. గది దొంగతనం గాక ఏంది?

1966లనే బీడీ కార్మికుల చట్టమొచ్చింది. 1977ల పీఎఫ్ అన్నరు. ఇండ్లల్ల చేసేటోళ్లకు అది వర్తించదని యజమానులు కోర్టుకెక్కిండ్రు. ఇంట్ల చేసినా కార్మికులేనని 1985ల సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాదుల సదువుకునే ఆడివిల్లలు 1974లనే ఆడోళ్ల సంఘం పెట్టుకున్నరట. గా గాలి మా వాడకట్టుకు రానీకె ఏండ్లు పట్టింది. సంఘం మీటింగుల ఒకామె లేచి, వంట జేసుడు, పిల్లల సాదుడు గూడ పనే అన్నది. అప్పటిదాంక గా మాట నేనెన్నడు ఇనలే. ఆ రాత్రి నిద్ర పట్టలే బిడ్డా.

బీడీ కార్మికురాలినని చెప్పే కార్డు కోసం కార్ఖానా ముందల ఎన్నిసార్లు కూసున్నమో. ఆఖరికి చేతికొచ్చింది. మీ తాత పేరు గాదు, నా పేరు. నా ఫొటో.

2015ల సర్కారు బీడీ పింఛన్ పెట్టింది. వెయ్యి రూపాయలు, తర్వాత 2,016 చేసిండ్రు. పీఎఫ్ ఉన్నోళ్లకే అన్నరు. మా పక్కింటామె నా తీరుగనే పొద్దంత చుట్టింది, ఆమె బీడీలు ఇంకొకల కార్డు మీద పోయినయి. ఆమెకు రాలే.

నువ్వు గూడ ఇప్పుడు ఇంట్ల కూసోనే కంప్యూటర్ల పని చేస్తున్నవ్ గదా. నీ పేరు మీద పీఎఫ్ కడుతున్నరా? రేపు పొద్దుగాల్ల ఫోన్ జేసి అడుగు బిడ్డా.