కీ ఇస్తే నడిచిన కాలం
జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. ఏ వస్తువులోనైనా అక్కర్లేని హంగు కనిపిస్తే నాకు చిరాకు. అందుకే హెచ్ఎంటీల్లో నా ఓటు మా నాన్న పెట్టుకున్న 'జనతా'కే. తెల్లటి డయల్, సన్నటి ముళ్ళు, దేవనాగరిలో పేరు, అంతే. తేదీ లేదు, బ్యాటరీ లేదు. రోజూ పొద్దున్నే కీ ఇస్తే చాలు. లోపలి 17 జ్యువెల్స్ నగల సోకు కాదు. ఇరుసులు అరగకుండా కాసే కృత్రిమ కెంపులు.

చూపులేనివాళ్ళ కోసం హెచ్ఎంటీ బ్రెయిలీ వాచీ కూడా చేసింది. అద్దం మూత పైకెత్తి, ముళ్ళను వేలితో తడిమి టైం తెలుసుకోవచ్చు. డిజైన్ అంటే నా లెక్కలో అదీ!

1984లో టైటాన్ వాచీల కంపెనీ పుట్టింది. హోసూరు నుంచి వచ్చిన దాని బ్యాటరీ క్వార్ట్జ్ వాచీలకు కీ ఇచ్చే పనే లేదు, పైగా సోకైనవి. హెచ్ఎంటీ కూడా క్వార్ట్జ్ చేసింది గానీ మార్కెట్‌ను నిలబెట్టుకోలేకపోయింది. 2016లో హెచ్ఎంటీ వాచెస్ మూతకు కేంద్రం ఆమోదం తెలిపింది. ఇప్పుడు బెంగళూరు జాలహళ్ళిలో హెచ్ఎంటీ మ్యూజియం ఉంది.

మీ బీరువాలో పాత జనతా ఉంటే పారేయకండి. రిపేరు షాపులో ఇచ్చి ఆయిలింగ్ చేయించండి.