సభ్యుడి వాటా, రిజిస్ట్రారు అధికారం

అనకాపల్లి జిల్లా చీడికాడ మండలం నుంచి గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి చెరకు తోలే సభ్యరైతు, కాటా దగ్గర సరుకు అమ్ముకునేవాడే కాక, వాటాధనం చెల్లించినందువల్ల ఆ కాటాకు యజమాని కూడా. ఆ యాజమాన్యానికి ఎంత బలముందో తేల్చేది మాత్రం చేతిలోని వాటాపత్రం కాదు, సంఘం ఏ చట్టం కింద రిజిస్టరైందన్న సంగతి.

సహకార చట్టాల తొలి అడుగు మద్రాసులోనే పడింది. యూరప్‌లోని గ్రామీణ పరపతి సంఘాలను పరిశీలించి ఫ్రెడరిక్ నికల్సన్ 1895లో మద్రాసు ప్రభుత్వానికిచ్చిన నివేదిక 1904 నాటి చట్టానికి దారితీసింది. అప్పులిచ్చే సంఘాలకే పరిమితమైన ఆ చట్టాన్ని 1912 చట్టం విస్తరించి, ఉత్పత్తి, అమ్మకం చేపట్టే సంఘాలకూ చోటిచ్చింది. 1932లో మద్రాసు తన సొంత చట్టం చేసుకోగా, మరుసటి ఏడే నేటి అనకాపల్లి జిల్లాలోనే ఉన్న ఏటికొప్పాకలో రైతుల సహకార చక్కెర సంఘం వెలిసింది.

ఆంధ్రప్రదేశ్ 1964లో చేసిన సహకార సంఘాల చట్టమే అసలు చిక్కుకు మూలం. చెరకు రైతులకూ, చేనేత కార్మికులకూ, కూలీలే సభ్యులై పనులు గుత్తకు తీసుకునే లేబర్ కాంట్రాక్టు సంఘాలకూ అదే చట్టం వర్తిస్తుంది; కార్మికులే యజమానులైన సంఘాలకు విడిగా చట్టం లేదు. సభ్యులు ఎన్నుకున్న పాలకవర్గాన్ని రద్దుచేసి, దాని స్థానంలో పర్సన్ ఇన్‌ఛార్జిని, అంటే తాత్కాలిక పాలనాధికారిని, కూర్చోబెట్టే అధికారాన్ని అది సభ్యుల చేతుల్లో కాక సహకార సంఘాల రిజిస్ట్రారుతో కూడిన ప్రభుత్వ యంత్రాంగం చేతుల్లో పెట్టింది. అక్రమాలను అరికట్టడానికి తనిఖీ అవసరమే, కానీ తనిఖీ చేసేవాడే యజమాని కావడం సహకారం కాదు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చిన 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ వాటాధనం తీసుకోని సంఘాలకు స్వయంపాలన ఇచ్చింది. పాడిరైతుల విశాఖ డెయిరీ మొదట ఈ చట్టం కిందికి, తర్వాత కంపెనీల చట్టంలోని ఉత్పత్తిదారుల కంపెనీ రూపానికి మారింది. పాల సంఘాలను తిరిగి 1964 చట్టం కిందికి తేవాలని 2006లో రాష్ట్ర ప్రభుత్వం చేసిన ప్రయత్నం 2011లో సుప్రీంకోర్టులో వీగిపోయింది.

97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కుగా చేసింది. సంఘాల నిర్వహణకు అదే సవరణ పెట్టిన నిబంధనలు, సగం రాష్ట్రాల ఆమోదం పొందనందున, ఒకే రాష్ట్రంలో పనిచేసే సంఘాలకు చెల్లవని 2021 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువల్ల గోవాడ సభ్యుడి ఓటు ఇప్పటికీ 1964 చట్టం నీడలోనే ఉంది.