గోడలో దాగిన విషము

నగరముల చరిత్ర చెప్పువారు సాధారణముగా మేడలను, వంతెనలను, పాలకుల పేర్లను లెక్కింతురు. అమెరికాలోని షికాగో నగరపు చరిత్రను మేము నేడు మరియొక లెక్కనుబట్టి చెప్పదలచినాము. అది పసిపిల్లల రక్తములో చేరిన సీసపు లెక్క.

సీసము కలిపిన తెల్లరంగునకు ఒకప్పుడు మేలైన రంగని పేరుండెడిది. అది గోడను గట్టిగా పట్టుకొనును, తడికి త్వరగా చెడదు. కాని పాతబడినపుడు పెచ్చులూడును. కిటికీ తలుపులు తీసి మూసినప్పుడెల్ల రాపిడికి సన్నని పొడియై నేలపై రాలును. ప్రాకుచు ఆడుకొను బిడ్డ చేతులకు ఆ ధూళి అంటును. ఆ చేతులే నోటిలోనికి పోవును. సీసపు రంగు కొంత తియ్యగా ఉండును గనుక పెచ్చులను నమలు పిల్లలును కలరు. శరీరము సీసమును కాల్షియమని భ్రమించి గ్రహించును. ఎదుగుచున్న మెదడును అది దెబ్బతీయును. బిడ్డ మాత్రము పైకి ఆరోగ్యముగానే కనబడవచ్చును. రక్తపరీక్ష చేసిననే గాని సంగతి బయటపడదు.

ఇండ్ల లోపల ఈ తెల్లరంగు వాడుకను అరికట్టుటకు 1921లోనే జెనీవాలో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. అమెరికా అందులో చేరలేదు. ఇండ్లకు వేయు రంగులలో సీసమును ఆ దేశము నిషేధించినది 1978లో. అప్పటికి గోడలకెక్కిన రంగు గోడలమీదనే ఉన్నది.

ఈ విషము అన్ని పేటలకు సమానముగా పంచబడలేదు. దక్షిణ రాష్ట్రములనుండి లక్షలాది నల్లజాతివారు షికాగోకు వలస వచ్చినారు. వారికి కోరినచోట ఇల్లు దొరకలేదు. నగరపు దక్షిణ, పశ్చిమ భాగములలోని పాత ఇండ్లలో క్రిక్కిరిసి బ్రతికినారు. 1930 దశకములో ప్రభుత్వ సంస్థ తయారుచేయించిన పటములలో అట్టి పేటలకు ఎర్రరంగు పూసి, అక్కడ అప్పిచ్చుట అపాయమని గుర్తించినారు. అప్పు పుట్టనిచోట మరమ్మతు జరుగదు. మరమ్మతు లేని ఇంట రంగు రాలక మానదు.

1960 దశకపు నడుమ పశ్చిమ భాగపు పౌరులు ఈ విషయమై ఆందోళన సాగించినారు. 1966లో నగరము పిల్లలకు పెద్దయెత్తున పరీక్షలు ప్రారంభించినది. ఆనాడు డెసిలీటరు రక్తములో 60 మైక్రోగ్రాముల సీసమున్ననే అపాయమని ఎంచెడివారు. 2021లో అమెరికా వైద్యాధికారులు ఆ హద్దును 3.5కు తగ్గించినారు. విషము మారలేదు, దానినిగూర్చి మన ఎరుక మారినది.

హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ శాంప్సన్, అలిక్స్ వింటర్ 1995 నుండి 2013 వరకు ఈ నగరములో జరిగిన పది లక్షలకు పైగా రక్తపరీక్షలను పేటలవారీగా పరిశీలించి, 2016లో ఫలితములను ప్రకటించినారు. 1995లో కొన్ని పేటలలో నూటికి 90 మందికి పైగా పిల్లల రక్తములో సీసము హెచ్చుగా ఉన్నది. అవి ముఖ్యముగా నల్లజాతివారి, స్పానిష్ భాషా కుటుంబములవారి పేటలు. తరువాతి సంవత్సరములలో ఈ సంఖ్య అన్నిచోట్ల మిక్కిలి తగ్గినది. ఇది చిన్న విజయము కాదు. నగరమంతటికి ఒకే సగటు తీసినవారికి ఈ పేటల సంగతి కనబడి ఉండదు.

కథ ముగియలేదు. వీథిలోని గొట్టమునుండి ఇంటికి నీరు తెచ్చు గొట్టములు సీసపువై ఉండవలెనని 1986 వరకు షికాగో నిబంధనలే విధించినవి. అట్టివి సుమారు 4 లక్షలు అక్కడ లెక్కకు వచ్చినవి.

ఇన్ని దశాబ్దములుగా జరిగినదేమి? బిడ్డ రక్తములో సీసము కనబడిన పిమ్మట ఆ ఇంటి గోడను పరీక్షించినారు. ఇల్లు చెడ్డదని తెలియుటకు బిడ్డ సాక్ష్యము కావలసివచ్చినది. గోడను ముందు పరీక్షించినచో, పల్చని ఆ చేతినుండి రక్తము తీయవలసిన పనియే తగ్గును. ఇది షికాగో పిల్లల రక్తము మనకు నేర్పిన పాఠము.