కందెన పొర చరిత్ర

ఇరుసుకు కందెన వేయనిదే బండి సాఫీగా సాగదని బండివానికి శాస్త్రజ్ఞుల కంటె ఎంతో ముందుగానే తెలుసును. ఆముదం, ఆలివు నూనె, జంతువుల కొవ్వు మొదలైన వాటిని ఆయా దేశాలవారు వందల ఏండ్లుగా ఇందుకు వాడుతూ వచ్చారు. అయితే నూనె వేస్తే ఘర్షణ ఎందుకు తగ్గుతుంది? నూనెకు జారుడు గుణం ఉన్నది గనుక, అన్న సమాధానంతోనే చాలామంది చాలాకాలం సరిపెట్టుకొన్నారు. ఆ సమాధానం చాలదని 1883లో ఒక చిన్న కొయ్య బిరడా చూపించింది.

ఆవిరి యంత్రాలు, రైళ్ళు పెరిగిన కొలదీ బేరింగులు వేడెక్కి చెడిపోవటం పెద్ద సమస్య అయింది. దీనిని పరిశోధించే పనిని ఇంగ్లండులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ బోషాం టవర్ అనే ఇంజనీరుకు అప్పగించింది. 4 అంగుళాల వ్యాసంగల ఉక్కు ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి తిరిగేటట్లు, పైభాగంపై ఇత్తడి బేరింగు కూర్చొని బరువు మోపేటట్లు అతడు ఏర్పాటు చేశాడు. ఆ ఇత్తడిలో నూనె పోయడానికి పైన ఒక రంధ్రం ఉన్నది. ఇరుసు తిరుగుతూండగా నూనె లోనికి దిగడానికి బదులు ఆ రంధ్రం గుండా పైకి ఉబికింది. బెండు బిరడా బిగించారు; ఊడి వచ్చింది. కొయ్య బిరడా కొట్టారు, అదీ నిలవలేదు. అక్కడ పీడనమాపకాన్ని అమర్చగా చదరపు అంగుళానికి 200 పౌనులకు మించిన పీడనం కనిపించింది. బేరింగుపై మోపిన బరువు సగటున చదరపు అంగుళానికి 100 పౌనులు మాత్రమే! అంటే ఇత్తడి ఉక్కును తాకడమే లేదు. బరువునంతటినీ పలుచని నూనె పొర మోస్తున్నది.

అదే సంవత్సరం రష్యాలో పెత్రోవ్ నూనె స్నిగ్ధతకు, అంటే చిక్కదనానికి, ఘర్షణకు గల సంబంధాన్ని లెక్కగట్టాడు. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ టవర్ ఫలితాలకు గణిత రూపంలో కారణం చెప్పాడు. ఇరుసుకు, బేరింగుకు నడుమ సందు అంతటా ఒకే తీరుగా ఉండదు. మేకు మొన వలె క్రమంగా సన్నబడుతుంది. తిరిగే ఇరుసు తనకు అంటుకొన్న నూనెను ఆ ఇరుకులోనికి ఈడ్చుకొని పోతుంది. అందువలన అక్కడ పీడనం పుట్టి ఇరుసును, బేరింగును ఎడం చేస్తుంది. ఈ పొర నిలవాలంటే మూడు కావాలి: చాలినంత నూనె, తగిన వేగం, తగిన చిక్కదనం.

ఈనాడు ఇళ్ళలో, దుకాణాలలో కనిపించే చిన్న జనరేటరుకూ ఈ సూత్రమే ఆధారం. 50 సైకిళ్ళ విద్యుత్తు కోసం ఇటువంటి జనరేటర్లు చాలావరకు నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరుగుతాయి. చాలా చిన్న ఇంజన్లలో నూనె పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె వంటి భాగం నూనెలో మునిగి లేస్తూ దానిని అన్నివైపులా చిమ్ముతుంది. మట్టం తగ్గితే గరిటెకు నూనె అందదు. లోహం లోహాన్ని రాచుకొంటుంది. మట్టం మించితే నూనె చిలకబడి నురగ కడుతుంది. కనుకనే జనరేటరును సమతలంపై ఉంచి, ఇంజను ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్‌ను తుడిచి మట్టం చూడాలి. ఏటవాలుగా ఉన్నచోట గీత అబద్ధం చెబుతుంది.

మట్టం సరిగా ఉన్నా నూనె ఎల్లకాలం పనిచేయదు. పిస్టను పక్కలనుండి మసి, నీటియావిరి, కాలని పెట్రోలు అందులో చేరుతాయి. పెట్రోలు నూనెను పలుచబరుస్తుంది. ఆమ్లాలు లోహాన్ని తింటాయి. కొత్త ఇంజనులో సన్నని లోహపు రజను కూడా రాలుతుంది. అందువలన మొదట సుమారు 20 గంటలు నడిచాక, తరువాత ప్రతి 100 గంటలకు నూనె మార్చవలెనని పలువురు తయారీదారులు చెబుతారు. ఇంజను కొద్దిగా వెచ్చగా ఉండగా తీస్తే నూనె మలినాలతో సహా సులభంగా దిగుతుంది. తీసిన నూనెను కాలువలో గాని నేలపై గాని పోయరాదు. పాత నూనె సేకరించేవారికి ఇవ్వాలి.

చిక్కదనాన్ని బట్టి నూనెలకు అంకెలిచ్చే పద్ధతిని అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ప్రవేశపెట్టింది. డబ్బాపై కనిపించే 30, 40 వంటి అంకెలు అవే. ఏ అంకె నూనె పోయాలో ఇంజనుతో వచ్చిన పుస్తకం చెబుతుంది. డిప్‌స్టిక్ చూడటానికి ఒక నిమిషం చాలు. నూనె పొర లేని ఇంజను పట్టేయడానికి కొద్ది నిమిషాలే చాలు.