మతిమరుపుకు నెత్తుటి సాక్ష్యం

గురజాల పక్కన మా ఊళ్లో మిర్చి కల్లం మీద మా నాయనమ్మ చెయ్యి పడితే ఒక్క తాలుకాయ మిగిలేది కాదు. ఎనభై దాటాక మనవళ్ల పేర్లు తారుమారయ్యాయి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. అన్నం తిన్న గంటకే ఇంకా పెట్టలేదేమని కోడళ్లను అడిగేది. కల్లంలో కూర్చోబెడితే మాత్రం ఎర్రకాయ ఒక కుప్పలోకి, తాలు ఒక కుప్పలోకి వెళ్లిపోయేవి. ఇంట్లో అందరం చాదస్తం అనుకున్నాం. నరసరావుపేట తీసుకెళ్తే డాక్టరుగారు "మామ్మగారూ, ఇవాళ తేదీ ఎంత?" అన్నారు. "ఏకాదశి ఎల్లి మూడ్రోజులయింది నాయనా" అంది. పంచాంగం చూస్తే లెక్క సరిపోయింది. కాగితం మీద మాత్రం ఆ ప్రశ్నకు మార్కు పడలేదు.

ఆ రకం ప్రశ్నల కాగితానికి మూలం 1975లో అమెరికాలో ఉంది. మార్షల్ ఫోల్‌స్టీన్, ఆయన భార్య సూజన్, పాల్ మెక్‌హ్యూ కలిసి ముప్ఫై మార్కుల పరీక్ష ఒకటి తయారు చేశారు. తేదీ చెప్పాలి, వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి, బొమ్మ చూసి గీయాలి. పది నిమిషాల్లో అయిపోతుంది గనక ప్రపంచమంతా వాడింది. బడి గడప తొక్కని మనిషికి మతి ఎంత నిక్షేపంగా ఉన్నా అందులో మార్కులు పోతాయి.

సరిగ్గా అదే 1975లో, అదే అమెరికాలో, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మార్క్ కిర్ష్‌నర్ బృందం పంది మెదడులోంచి ఒక ప్రొటీన్‌ను వేరు చేసి దానికి టౌ అని పేరు పెట్టింది. కణం లోపల సరుకు రవాణాకు సన్నని గొట్టాలుంటాయి, వాటిని నిలబెట్టేది టౌ. దానికీ మతిమరుపుకూ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ సంబంధం తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ల ఆవిడను తీసుకొచ్చారు. డాక్టర్ అలోయిస్ ఆల్జైమర్ ఆవిడను రోజూ పలకరించి, చెప్పినవన్నీ రాసుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఆవిడ పంది మాంసం, కాలీఫ్లవర్ తింటుంటే ఏం తింటున్నావని అడిగాడు. పాలకూర అంది. ఆ మాటా రాసిపెట్టాడు. ఆ కేసు కాగితాలు 1995లో మళ్లీ బయటపడ్డాయి కాబట్టి ఇవన్నీ మనకు తెలిశాయి. 1906 ఏప్రిల్‌లో ఆవిడ చనిపోతే, అప్పటికి మ్యూనిక్ మారిన ఆల్జైమర్ ఆ మెదడును తెప్పించుకుని, వెండి లవణంతో రంగు అద్దిన పలచని ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టాడు. కణాల బయట గట్టిపడిన మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారాల ఉండలు కనిపించాయి. ఆ నవంబరులో ట్యూబింగెన్ సభలో చెప్పాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ మచ్చలు దేనితో తయారయ్యాయో తేలడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. 1984లో జార్జ్ గ్లెనర్ మెదడు పొరల్లోని రక్తనాళాల నుంచి అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్‌ను తీశాడు. మరుసటేడే మచ్చల్లో ఉన్నదీ అదేనని తేలింది. ఆ వెంటనే దారాల ఉండల్లో ఉన్నది 1975 నాటి టౌ అని బయటపడింది.

దోషి దొరికాడు సరే, బతికున్న మనిషిలో పట్టుకోవడం ఎలా? 1990లలో వెన్నులోంచి నీరు తీసి టౌను కొలవడం మొదలైంది. మన వైపు వెన్నులో సూది అంటే నడుం పడిపోతుందన్న భయం. 2004లో అమిలాయిడ్ మచ్చలను చూపించే పెట్ స్కానింగు వచ్చింది. దానికి యంత్రం కావాలి, రేడియోధార్మిక మందు కావాలి, మహానగరం కావాలి.

రక్తం మోచేతి దగ్గరే ఉంది. కానీ వెతకాల్సిన వస్తువు రక్తంలో ఉండీ లేనట్టుంటుంది. ఒక మిల్లీలీటరు రక్తద్రవంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ సుమారు 40 మిల్లీగ్రాములుంటుంది. మెదడు నుంచి జారి వచ్చిన టౌ ముక్కలను కొలిచేది పికోగ్రాముల్లో. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి పికోగ్రాము.

2010లో డేవిడ్ వాల్ట్ బృందం దీనికి దారి చూపింది. కంటికి కనిపించనంత చిన్న పూసలు, ప్రతి పూసకీ వెతుకుతున్న ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు. అణువుల కంటే పూసలు ఎన్నో రెట్లు ఎక్కువ వేస్తారు కాబట్టి పూసకు ఒక అణువు చిక్కుతుంది, లేదా ఏదీ చిక్కదు. తర్వాత పూసలను ఒక్కోటి ఒక్కో గుంటలో పడేలా పరుస్తారు. అణువు చిక్కిన గుంట వెలుగుతుంది, యంత్రం వెలిగిన గుంటలు లెక్కపెడుతుంది. ఈ సంగతి చదువుతున్నంతసేపూ నాకు క్వింటాళ్ల కొద్దీ ఎర్రకాయలో తాలు ఏరే నాయనమ్మ వేళ్లే కనిపించాయి.

టౌలో 217వ స్థానంలో ఫాస్ఫేటు అంటుకున్న రూపం, ఆ జర్మన్ డాక్టరు పేరే పడిన ఆల్జైమర్స్ జబ్బును బాగా పట్టిస్తుందని 2020లో స్వీడన్‌కు చెందిన ఆస్కార్ హాన్సన్ బృందం చూపింది. 2024లో వాళ్లే 1,213 మంది మీద పోల్చి చూశారు. ప్రాథమిక వైద్యులు పరీక్షించి చెప్పింది 61 శాతం సరిపోతే, నిపుణులది 73, రక్తపరీక్షది 91. 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి రక్తపరీక్షకు మొదటిసారి అనుమతిచ్చింది, అదీ 55 దాటి, మతిమరుపు లక్షణాలున్న వాళ్లకు మాత్రమే. ఏ లక్షణమూ లేనివాళ్లు ముచ్చటపడి చేయించుకునేది కాదిది.

చదువు అడగని పరీక్ష కాబట్టి నాకు దీని మీద ఆశ. అలాగని కళ్లు మూసుకుని నమ్మలేను. కిడ్నీలు సరిగా వడకట్టకపోతే ఈ ప్రొటీన్లు రక్తంలో పెరుగుతాయి. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న రాష్ట్రంలో, ఇంటింటికీ షుగరున్న రోజుల్లో, జబ్బు ఉందో లేదో తేల్చడానికి స్వీడన్‌లో గీసిన గీతను పట్టుకుని మన పెద్దవాళ్లకు జబ్బు అంటగట్టడం అన్యాయం. మాచర్లలో మే నెల మధ్యాహ్నం తీసిన రక్తాన్ని వెంటనే తిప్పి ద్రవం వేరు చేసి చల్లగా దాచకపోతే అమిలాయిడ్ లెక్క పడిపోతుంది కూడా. ఇంకొకటి, బి12 లోపం, థైరాయిడ్ మతిని మసకబారుస్తాయి, మందులతో తగ్గే అవకాశమూ ఉంది. ముందు అవి చూడాలి.

మెదడులో ప్రొటీన్ ఉన్నంత మాత్రాన మతి పోయినట్టూ కాదు. జబ్బు ఎప్పుడు బయటపడేదీ మనిషిని బట్టి మారుతుంది. 2013లో హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహచరులు 648 మంది డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించారు. రెండు భాషలు మాట్లాడే వాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడుతూ బజారు నడిపే మనిషికి బడి ఇవ్వనిదేదో నాలుక ఇచ్చిందన్నమాట.

గీతను మనవాళ్ల మీదే గీయాలి, ఆ పని మొదలైంది. కోలారు జిల్లా శ్రీనివాసపురం చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. మామిడి తోటల ఊళ్లవి. బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 2018 నుంచి అక్కడ 45 దాటిన వాళ్ల మతిని, రక్తాన్ని ఏళ్ల తరబడి గమనిస్తోంది. పదివేల మందిని చేర్చుకోవాలని దాని లక్ష్యం.

దేశం మొత్తం మీద లాసీ-డ్యాడ్ అనే అధ్యయనం 60 దాటిన 4,096 మందిని పరీక్షించింది. దాని ప్రకారం ఆ వయసు వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో, పట్నం కంటే పల్లెలో ఎక్కువ. ఫోల్‌స్టీన్ కాగితాన్ని మేరీ గంగూలీ బృందం 1995లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం చదువురాని వాళ్లూ జవాబు చెప్పగలిగేలా మార్చి రాసింది. లాసీ-డ్యాడ్ వాళ్లు అడిగిన వాటిలో ఆ ప్రశ్నలున్నాయి. అడిగిన మనుషుల దగ్గరే రక్తమూ తీసుకుని టౌను కొలిచారు. 1975లో ఒకదానికొకటి తెలియకుండా పుట్టిన ప్రశ్నల కాగితం, టౌ ప్రొటీన్, పల్లెటూరి ముసలమ్మ ముందు పక్కపక్కన కూర్చున్నాయి.